వర్జ్యం వెళ్ళేదాకా

కామేశ్వరరావుగారు బందరులో ఒక సర్కారు కచేరీలో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగిరీ వెలగబెట్టి, చివరికి ఓ చిన్న పింఛనూ, ఎడమకాలికి బోదవాపూ సంపాదించుకుని సొంతూరు చేరారు. ఊరి పేరు కొత్తమెరక. అవనిగడ్డ దాటి, కాలవగట్టు పట్టుకుని సముద్రం వైపు దిగితే వస్తుంది. ఉద్యోగం దిగినవాడు ఏం చేస్తాడండీ? అరుగు మీద చాపేసుకుని, ముక్కుపొడుం పీలుస్తూ, వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తూ కూచుంటాడు. ఈయన నొసట అదీ రాసిపెట్టి లేదు. ఊళ్ళో ఓ పురుటాసుపత్రి గది రావాలని పట్టుబట్టారు. పట్టు పడితే వదిలే రకం కాదు.

ఆ పట్టుకి కారణం లేకపోలేదు. ఒక్కగానొక్క కూతురు సత్యవేణి తొలికాన్పుకి పుట్టింటికొచ్చి, రెండు రోజులు నొప్పులు పడింది. బందరు ఆసుపత్రికి తీసుకెళ్దామని బండి కట్టించుకుని పులిగడ్డ రేవుకి చేరితే, కృష్ణ వరద మీద ఉంది. పడవ వెయ్యలేమన్నారు సరంగులు. వరద తియ్యడం కోసం కాచుకుని ఉండగానే, రేవులో, బండిలోనే, తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. ఆ సంగతి కామేశ్వరరావుగారు ఎవరి దగ్గరా ఎత్తరు. ఎవరైనా ఎత్తితే లేచి పెరట్లోకి వెళ్ళిపోతారు. ఆయన భార్య శారదాంబగారు మాత్రం ఏడుపొచ్చినప్పుడు ఏడ్చేసి, కళ్ళు తుడుచుకుని పొయ్యి రాజేసుకుంటారు.

సరే, అర్జీలు పెట్టడం మొదలెట్టారు. ఊరు చిన్నది, జనం తక్కువ, ఇవ్వం పొమ్మన్నారు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ పొమ్మన్నారు. అంతలో యుద్ధం ముంచుకొచ్చింది. జపానువాళ్ళు రంగం మీద బాంబులు వేస్తున్నారని కబురు. రంగమంటే మరేం కాదు, బర్మాలో రంగూను. మన వైపు కూలికీ నాలికీ పడవెక్కి వెళ్ళినవాళ్ళు ఊరూరా ఉన్నారు కనక ఆ పేరు అందరికీ నోట్లో నలిగినదే. నలభై రెండు వేసవికి వాళ్ళంతా కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి రావడం మొదలెట్టారు. ఓడ దొరికినవాళ్ళు ఓడలో వచ్చారు, దొరకనివాళ్ళు అరకాను కొండల్లో పడి నడిచొచ్చారు. పత్రికలవాళ్ళు వాళ్ళని కాందిశీకులన్నారు. ఊళ్ళోవాళ్ళకి నోరు తిరక్క రంగంవాళ్ళన్నారు.

కొత్తమెరకకీ కొన్ని కుటుంబాలొచ్చాయి. కొందరి తాతలది ఈ ఊరే. మిగతావాళ్ళది ఏ ఊరో వాళ్ళకే సరిగ్గా తెలీదు. పక్కవాళ్ళు దిగారని తామూ ఇక్కడ దిగారు. మునసబు లక్ష్మయ్యగారు కాలవగట్టు మీద తన పాత ధాన్యం కొట్టు వాళ్ళకి ఇచ్చారు. చెడ్డవాడు కాదు మునసబు. ఊరూ చెడ్డది కాదు. మొదటి నెల్లాళ్ళూ అన్నం పెట్టారు. రెండో నెల సలహాలు పెట్టారు. మూడో నెల నించీ, "ఎన్నాళ్ళండీ ఈ మేపుడు? ఏ గుడివాడో పోయి మిల్లుల్లో చేరకూడదూ?" అనడం మొదలైంది. అన్నవాళ్ళ ఇళ్ళల్లోనూ బియ్యం లేవు, అదొకటి చెప్పుకోవాలి.

అటువంటి రోజుల్లో సర్కారు ఒక మాట చెప్పింది. కాందిశీకులకి చోటిచ్చిన ఊళ్ళకి, వాళ్ళూ ఊళ్ళోవాళ్ళూ కలిసి వాడుకునేటట్టు, ఊరికి కావలసిన కట్టడం ఒకటి సర్కారు ఖర్చుతో కట్టించి ఇస్తారట. ఇంకేముంది! రాత్రికి రాత్రి రంగంవాళ్ళు 'మన రంగంవాళ్ళు' అయిపోయారు. గుడివాడ పొమ్మన్న నోళ్ళే, "ఎక్కడికయ్యా పోయేది, మీ ఊరు కాదూ ఇది?" అన్నాయి. ఇక ఏం కట్టించుకోవాలన్న దగ్గర తగువు. ఒకరు సావడి కావాలన్నారు. ఒకరు గ్రంథాలయం అన్నారు, ఆయన జన్మలో పుస్తకం పట్టిన పాపాన పోలేదు. మునసబుగారు తన పొలం దాకా రోడ్డు పడితే ఊరికే మేలు కదా అన్నారు. కామేశ్వరరావుగారు మాత్రం ఒకటే మాట, పురుటి గది. బందరు కచేరీ చుట్టూ తిరగడానికి ఇంకెవరికీ ఓపిక లేదు కాబట్టి, తిరగ్గలిగినవాడి మాటే చెల్లింది.

తిరిగారండీ పాపం. పులిగడ్డ దాకా బండి, అక్కడ పడవ, అవతల బొగ్గు బస్సు. పెట్రోలు దొరక్క బొగ్గు మీద నడిచే ఆ బస్సు ఎత్తు వచ్చినప్పుడల్లా ఆగిపోయేది. బోదకాలున్న ముసలాయన కూడా దిగి తొయ్యాల్సిందే. కచేరీలో ఒకప్పుడు తన కింద పనిచేసిన కుర్రాళ్ళే ఇప్పుడు కుర్చీల్లో ఉన్నారు. "కూచోండి గురువుగారూ" అనేవారు గానీ కుర్చీ చూపించేవారు కారు. ఇంటికొచ్చిన రాత్రల్లా కాలు పొంగేది, చలిజ్వరం పట్టుకునేది. శారదాంబగారు ఉప్పు కాపడం పెడుతూ, "చాల్లెండి, ఇంక వదిలెయ్యండి" అనేవారు. ఆయన మూలుగుతూనే, "ఇంకొక్కసారి వెళ్తే అయిపోతుందే" అనేవారు. అలా ఎన్ని ఇంకొక్కసారులో.

చివరికి అయింది. కాలవగట్టుకి ఇవతల పెంకుల కప్పుతో ఓ గది, ముందు చిన్న వరండా, లోపల సిమెంటు గచ్చు. దివిసీమలో ఎన్ని ఇళ్ళకుందండీ సిమెంటు గచ్చు! నర్సుని తర్వాత పంపిస్తామన్నారు. అంతవరకూ ఊరి బయట పాలెంలో ఉండే కృపమ్మ చూసుకునేటట్టు మాటైంది. కృపమ్మ బందరు మిషనాసుపత్రిలో కొన్నాళ్ళు ఆయాగా చేసొచ్చిన మంత్రసాని. ఊళ్ళో సగం పిల్లలు ఆవిడ చేతుల్లో పడ్డవాళ్ళే, అయినా ఏ ఇంటికైనా పెరటి దారినే వచ్చి పెరటి దారినే పోయేది.

ఇక్కడ జరిగిందండీ అసలు పొరపాటు. ఎవరో దుర్మార్గుడు చేసింది కాదు. అందరూ కలిసి, భక్తిగా, సంతోషంగా చేసింది.

కొత్త కట్టడం కదా, గృహప్రవేశం చెయ్యకుండా ఎలా అన్నారు. పాలు పొంగించాలన్నారు. సత్యనారాయణ వ్రతం చేసుకుందాం అన్నారు. ఇంత తిరిగి తెచ్చింది కామేశ్వరరావుగారు కనక పీటల మీద ఆ దంపతులే కూచోవాలన్నారు. ఆ మాటకి కామేశ్వరరావుగారి కళ్ళు చెమ్మగిల్లాయి. ఈ ఊళ్ళో ఆయన్ని ఎవరూ ఎప్పుడూ దేనికీ ముందుకి పిలిచింది లేదు మరి. "పురుటి గదికి గృహప్రవేశం ఏమిటండీ, చోద్యం కాకపోతే!" అన్నారు శారదాంబగారు. అన్నారే గానీ ఆ రోజు పట్టుచీర కట్టుకుని ఆవిడా పీట మీద కూచున్నారు. పురోహితుడు యజ్ఞన్న అవధానిగారు కథ చెప్పారు. ఊరంతా ప్రసాదం తిన్నది. రంగంవాళ్ళకి వరండా కింద విస్తళ్ళు వేశారు. స్వామి పటం మాత్రం తూర్పుగోడకి అలాగే ఉంచేశారు, తియ్యబుద్ధి కాక.

వారం తిరిగేసరికి ఎవరో అక్కడ దీపం పెట్టడం మొదలెట్టారు. శనివారం భజన అన్నారు. గచ్చు చల్లగా ఉంటుంది, గాలి బాగుంటుంది, ఎవరికి చేదు? ఆ పైనెల మునసబుగారి మేనకోడలికి నెలలు నిండాయి. కామేశ్వరరావుగారు సంబరంగా వెళ్ళి, "అమ్మాయిని గదికి పంపించండి" అన్నారు. ఇంట్లో ఆడవాళ్ళు చెంపలు వేసుకున్నారు. "రామ రామ! స్వామి ఉన్న చోట పురుడేమిటండీ, మైల కాదూ? మీరే కదా పీటల మీద కూచుని పూజ చేశారు!" అన్నారు. నిజమే, ఆయనే చేశారు. ఇంటికొచ్చి మంచమెక్కారు. ఆ రోజు నించీ ఆ గదికి ఆదివారం నించి శుక్రవారం దాకా తాళం, శనివారం తాళాలు. తాళంచెవి, గది కోసం ఊళ్ళో వేసుకున్న కమిటీకి సెక్రటరీ హోదాలో, కామేశ్వరరావుగారి మొలతాడుకే ఉండేది.

రంగంవాళ్ళల్లో కనకరత్నం అని ఓ పిల్ల ఉంది. ఇరవై దాటీ దాటని వయసు. మొగుడు ధనరాజు రంగం రేవులో మూటలు మోసినవాడు, ఇప్పుడు గుడివాడ రైసుమిల్లులో అదే మోత మోస్తున్నాడు. ఎప్పుడో పదిహేనిరవై రోజులకోసారి వచ్చిపోతాడు. కనకరత్నం శారదాంబగారి దగ్గర వడ్లు దంచేది, పెరడు చిమ్మేది. మాట తక్కువ. కడుపుతో ఉందని తెలిసినప్పుడు శారదాంబగారే అడిగి అడిగి బయటికి లాగారు. కొండల్లో నడుస్తుండగా ఈ పిల్లకి నెలలు నిండాయట. చెట్టు కింద, చిత్తడి నేల మీద, మొగపిల్లాణ్ణి కంది. వెనకాల జనం తోసుకొస్తున్నారు, ఆగడానికి లేదు. రెండు రోజులు గుడ్డలో చుట్టుకుని నడిచింది. మూడో రోజు చూసుకుంటే గుడ్డలో కదలిక లేదు.

"నాకేం వద్దండీ అమ్మగారూ," అంది కనకరత్నం రోకలి ఆపకుండా. "దీన్ని మాత్రం ఓ కప్పు కింద, పొడినేల మీద కననిస్తే చాలు. ఆ గది మా పేరు చెప్పి కట్టారంటగా. ఒక్క పూట ఇస్తే కనేసి కడిగిచ్చేస్తా."

శారదాంబగారు ఆ మాట రాత్రి భర్తతో చెప్పారు. ఆయన, "ఇప్పిస్తాలేవే. టైమొచ్చినప్పుడు నేను మాట్లాడతాగా," అన్నారు. ముందే మాట్లాడి ఉండచ్చు. కాలు నొప్పి అనీ, మునసబుగారు ఊళ్ళో లేరనీ, రేపు చూద్దామనీ రోజులు నెట్టారు. ఆయనలో ఓపిక ఆ బొగ్గు బస్సుతోనే అయిపోయింది.

శ్రావణమాసంలో ముసురు పట్టింది. రెండ్రోజులుగా తెరిపి లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాయో లేదో, కృపమ్మ తడిసి ముద్దై పెరటి గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"అయ్యగారూ, కనకరత్నానికి నెప్పులు మొదలయ్యాయండి. కొట్టులోకి చీలమండ లోతు నీళ్ళొచ్చేశాయి. పైన కప్పు కారుతోంది. పిల్లని ఎక్కడ పడుకోబెట్టమంటారు? ఆ గది తాళం ఇప్పించండయ్యా, మీకు పుణ్యముంటుంది."

కామేశ్వరరావుగారు గబగబా లేచారు. తాళంచెవి మొలకే ఉంది, తడిమి చూసుకున్నారు. గొడుగు తీసుకున్నారు. "నువ్వు పిల్లని వరండాలోకి తీసుకొచ్చి ఉంచు కృపమ్మా. నేను మునసబుగారి దగ్గరికెళ్ళి ఒక్క మాట చెప్పి వచ్చేస్తా."

"మునసబుగారెందుకండీ?" అన్నారు శారదాంబగారు. "తాళం మీ దగ్గరే ఉందిగా! వెళ్ళి తలుపు తియ్యండి."

"అలా కుదరదే. దేవుడున్నాడు లోపల. రేపు ఊరంతా నా మీద పడుతుంది. కమిటీ అనేది ఒకటేడ్చింది కదా, వాళ్ళచేత ఔననిపించుకుంటే మనకే మంచిది."

ముప్ఫై ఏళ్ళు పైవాళ్ళ సంతకం లేకుండా కలం కదపని మనిషి. చేతిలో తాళంచెవి ఉన్నా తలుపు తియ్యడానికి ఆయనకి ఎవరో ఒకరు సరే అనాలి. శారదాంబగారికి ఒళ్ళు మండింది. ఇంక ఆయనతో వాదన పెట్టుకోకుండా, దండెం మీద నించి రెండు పాతచీరలు లాక్కుని కృపమ్మతో పాటు వానలోకి నడిచారు.

మునసబుగారి అరుగు మీద పంచాయితీ మొదలైంది. అవధానిగారు అక్కడే ఉన్నారు, వాన వల్ల ఇంటికి వెళ్ళలేక చిక్కుకుపోయి. కామేశ్వరరావుగారు సంగతి చెప్పారు. లక్ష్మయ్యగారు తల గోక్కున్నారు.

"కామేశ్వరరావు పంతులుగారూ, మీరే చెప్పండి. మా మేనకోడలికే కాదన్నాం. ఇప్పుడు రంగంవాళ్ళ పిల్లకి ఔనంటే మా ఆడవాళ్ళు నన్ను బతకనిస్తారా?"

"ఆ గది వాళ్ళ పేరు చెప్పి తెచ్చుకున్నదండీ మునసబుగారూ. వాళ్ళు రాకపోతే మనకి ఇటుక ముక్క కూడా దక్కేది కాదు."

"కాదన్నానా? బియ్యం అడగండి, ఇస్తాను. నా గొడ్లచావిడిలో చోటిస్తాను. దేవుడి దగ్గర మాత్రం నాకు భయమండీ, పిల్లలుగలవాణ్ణి."

మాట అటు తిరిగింది, ఇటు తిరిగింది. కామేశ్వరరావుగారికి కాలు సలుపు పుట్టింది. నిలబడలేక అరుగు అంచున కూలబడ్డారు. అప్పుడు, ఎన్నడూ ఎవరి దగ్గరా ఎత్తని మాట ఆయన నోటి నించి వచ్చేసింది.

"నా కూతురు రేవులో పోయిందండీ. మీకు తెలుసు, ఊరందరికీ తెలుసు. బండిలో... పైన గోనెపట్టా కప్పి పట్టుకున్నాను నేను. అది నన్ను చూసి, నాన్నా నేల మీదికి దింపు, ఈ కుదుపు పడలేను అంది. బండి ఆగే ఉంది మునసబుగారూ. కుదుపేమీ లేదు. దానికి తెలియడం లేదు." "ఆ గది దాని కోసం తెచ్చాను. దేవుడి కోసం కాదు."

లక్ష్మయ్యగారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "ఇంక చాలండి, చెప్పకండి," అన్నారు. "స్వామిని మా ఇంటికి తెచ్చుకుంటాను. మా దేవుడి గదిలో పెట్టుకుంటాం. ఏమంటారు అవధానిగారూ?"

"దివ్యంగా తెచ్చుకోవచ్చు," అన్నారు అవధానిగారు. ఆయనా కళ్ళు ఒత్తుకుంటూనే ఉన్నారు. "నేనే వచ్చి ఉద్వాసన చెప్పి పటం కదిలిస్తాను. శాస్త్రం అడ్డు లేదు." పంచాంగం తీశారు, అలవాటు కొద్దీ. వేలు పెట్టి చూసి చప్పరించారు. "అబ్బే, ఇప్పుడు వర్జ్యం నడుస్తోందే. వర్జ్యంలో స్వామిని కదపకూడదు, ఇంటికి అరిష్టం. ఎంతో లేదులెండి, గంటన్నరలో వెళ్ళిపోతుంది. అది వెళ్ళగానే బయల్దేరదాం."

చూడండి మరి, అందరూ ఒప్పుకున్నారు. ఒక్కరూ కాదనలేదు. వర్జ్యం గడియలు వెళ్ళేదాకా ఆగడం ఒక ఆగడమా? పుట్టినప్పటి నించీ ప్రతి పనికీ ఆగుతున్నదే. పెళ్ళికి ఆగారు, ప్రయాణానికి ఆగారు, విత్తనం చల్లడానికి ఆగారు. కామేశ్వరరావుగారికి అందులో తప్పేమీ కనపడలేదు. ఏళ్ళ తరబడి తిరిగినవాణ్ణి, ఇంకో గంటన్నర ఆగలేనా అనుకున్నారు. గెలిచాననుకున్నారు. పైగా పురుడు అంత తొందరగా అవుతుందా, సత్యవేణి రెండు రోజులు పడింది.

మునసబుగారింట్లోంచి వేడి మజ్జిగచారు వేసిన అన్నం తెచ్చి, తినమని బలవంతం చేశారు. వద్దంటే పడక్కుర్చీలో కూచోబెట్టారు. వాన చూరు మీంచి ఒకటే ధార. లోపల ఎక్కడో పేరుకున్న అలసటంతా ఆ కుర్చీలో పడేసరికి ఒక్కసారి ముంచేసింది. కళ్ళు మూతలు పడ్డాయి. లక్ష్మయ్యగారు చూసి, "పాపం, పడుకోనివ్వండి. టైముకి నేను లేపుతాను," అని దుప్పటి కప్పారు. మంచితనంతోనే కప్పారు.

లేపినప్పుడు వాన కాస్త పలచబడింది. మునసబుగారు స్నానం చేసి మడిబట్ట కట్టుకున్నారు. అవధానిగారి చేతిలో హారతిపళ్ళెం, పైన గొడుగు. పాలేరు గంట పట్టుకున్నాడు. కామేశ్వరరావుగారు ముందు కుంటుకుంటూ నడిచారు, ఆ తాళంచెవిని గుప్పిట్లో భద్రంగా పట్టుకుని.

గది దగ్గరికి వచ్చేసరికి వరండా అంచున రంగంవాళ్ళ ఆడవాళ్ళు ఇద్దరు, చీర పరిచి దడిలా పట్టుకుని వానకి అడ్డం నిలబడి ఉన్నారు. చీర తడిసి నీళ్ళు కారుతోంది. అది శారదాంబగారి చీరే. ఆ చాటు నించి పసిపిల్ల ఏడుపు వినపడింది.

అవధానిగారు ఠక్కున ఆగిపోయారు. మునసబుగారు రెండడుగులు వెనక్కి వేశారు. వరండా దాటితే గానీ గదిలోకి దారి లేదు, వరండాలోనే పురుడైపోయింది. మడిబట్టలతో ఆ మైల దాటడం ఎలా? స్వామిని తీసుకురావడానికి వచ్చినవాళ్ళు స్వామి దగ్గరికి వెళ్ళలేక రోడ్డు మీద వానలో నిలబడిపోయారు. గంట మోగించాలో వద్దో తెలీక పాలేరు దాన్ని చంకలో పెట్టుకున్నాడు.

కామేశ్వరరావుగారు మెట్టెక్కారు. వరండా నేలంతా జల్లుకి తడిసి, రక్తం కలిసి ఎర్రగా ఉంది. మూసిన తలుపుకి వీపు ఆనించి కనకరత్నం కూచుని ఉంది. మొహం పాలిపోయి పెదాలు నల్లబడ్డాయి. కృపమ్మ నేల మీద మోకాళ్ళ మీదుంది, తలెత్తలేదు. శారదాంబగారి ఒళ్ళో, రెండో పాతచీరలో చుట్టి, ఆడపిల్ల. ఏడుస్తూనే ఉంది. గట్టిగా ఏడుస్తోంది.

"బతికే ఉందండి," అన్నారు శారదాంబగారు భర్తని చూసి. "ఇంతసేపూ ఎక్కడున్నారు?" అని అడుగుతారేమో అని ఆయన ఒక్క క్షణం ఎదురుచూశారు. ఆవిడ అడగలేదు.

ఆయన తాళం తీశారు. కనకరత్నాన్ని కృపమ్మ కాస్త పక్కకి జరిపింది. తలుపు తెరుచుకుంది. లోపల సిమెంటు గచ్చు పొడిగా, నున్నగా ఉంది. తూర్పుగోడ దగ్గర స్వామి ముందు, పొద్దున తనే పెట్టి వెళ్ళిన దీపం ఇంకా మినుకుమంటోంది.

"అమ్మాయ్, లోపలికి రా తల్లీ. అందరూ ఒప్పుకున్నారు. ఎవరూ ఏమీ అనరు. నేను మాట్లాడి వచ్చాను."

కనకరత్నం తల తిప్పి గదిలోకి ఒకసారి చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోప్పడే ఓపిక కూడా లేదు.

"ఇప్పుడెందుకులెండి బాబుగారూ," అంది. "అయిపోయిందిగా. ఆడూ బయటే పుట్టాడు, ఇదీ బయటే పుట్టింది. ఇంక ఆ గదితో నాకేం పని? మీ దేవుణ్ణి కదపమాకండి."

తిట్టినా బాగుండుననిపించింది కామేశ్వరరావుగారికి. "అలా అనకమ్మా, వానలో తడుస్తున్నావు, కొట్టునిండా నీళ్ళు, ఎక్కడికి వెళ్తావు? నా మాట విను, నీకు దణ్ణం పెడతాను..."

"బతిమాలకండి," అన్నారు శారదాంబగారు. బిడ్డని గుండెకి అదుముకుని లేచి నిలబడ్డారు. "ఈ గదిలోకి రాదు. మనింటికి వస్తోంది. నడింటి పక్కన సత్యవేణి పడుకున్న గదిలో పక్కేస్తాను."

ఆ గది. కూతురు పోయిన దగ్గర నించీ తలుపు దగ్గరగా వేసి ఉంచిన గది. ఇంట్లో, చెయ్యి చాస్తే అందే దూరంలో ఉంది. దాన్ని పక్కనే పెట్టుకుని ఆయన బోదకాలీడ్చుకుంటూ బందరు తిరిగారు, బస్సులు తోశారు, నిలబడి దండాలు పెట్టారు. ఇవాళ మధ్యాహ్నం కూడా గొడుగేసుకుని దాని పక్క నించే నడిచి వెళ్ళారు.

"నాకు మాత్రం బుద్ధుందా?" అన్నారు శారదాంబగారు. ఆవిడ కళ్ళనించి నీళ్ళు జలజలా కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. "ఆ పిల్ల ఇన్నాళ్ళూ నా వాకిట్లో వడ్లు దంచుతూ ఓ కప్పు అడిగితే, సర్కారు గది ఇప్పించమని మీకు చెప్పానే గానీ, నా గది ఇస్తానన్నానా? అన్లేదు. సరే, అయిందేదో అయింది. మీరు మాత్రం ఈసారి ఎవర్నీ అడక్కండి."

రంగంవాళ్ళు కొట్టులోంచి నులకమంచం మోసుకొచ్చారు. కృపమ్మ కనకరత్నాన్ని మెల్లగా దాని మీద పడుకోబెట్టింది. కనకరత్నం కాదనలేదు. బిడ్డ ఎటు వెళ్తే అటు చూస్తూ కళ్ళు మూసుకుంది. శారదాంబగారు బిడ్డతో ముందు నడిచారు, వెనక మంచం, దాని పక్కన కృపమ్మ. "పెరటి దారిన పోదామాండీ అమ్మగారూ?" అని అడిగింది కృపమ్మ. "వీధి గుమ్మంలోంచే," అన్నారావిడ.

కామేశ్వరరావుగారు వెనకాల కుంటుతూ వెళ్ళి గొడుగు తీసి బిడ్డ మీద పట్టారు. ఆయన నెత్తి మీద వాన పడుతోంది, కాలు నిప్పుల్లో పెట్టినట్టుంది. పది మంది చూస్తున్నారు. పంతులుగారూ, తలుపు బార్లా తీసే ఉంది, తాళం వెయ్యలేదు, అని రోడ్డు మీంచి మునసబుగారు కేకేస్తున్నారు. ఉండనీ అనుకున్నారాయన, గొడుగు సరిగ్గా బిడ్డ మీదికి వంచుకుంటూ.